కరెంటు పెట్టని పదకొండు రోజులు

టేకులపల్లిలో ఫిజియోథెరపీ చేసే ఎబినేజర్, వచ్చినవాళ్ల మోకాళ్లకు జెల్ రాసి, కళ్లు సగం మూసి, పదకొండు రోజులు శ్రద్ధగా అల్ట్రాసౌండ్ మిషన్ తిప్పాడు. జనం మాటలో, కరెంటు పెట్టాడు. మిషన్ మీద దీపం వెలుగుతూనే ఉంది గాని, లోపల వైరు అన్నాళ్లూ తెగే ఉందని పన్నెండో రోజున రిపేరు మనిషి చెప్పాడు. ఇంకొకరైతే వైరు అతికించుకుని ఊరుకునేవారు. ఎబినేజర్ హైదరాబాదులో నాలుగు రోజులు పరిశోధన శిక్షణ పొంది వచ్చినవాడు. అప్పటినుంచి "ఎట్లుంది?" అని అడిగే ముందే కోణమానిని ఆనించి, మోకాలు ఎంత వంగిందో నోటుబుక్కులో రాసి, పెన్సిలు చెవి వెనక దోపుకోవడం అలవాటు. బుక్కు తిరగేస్తే, ఆ పదకొండు రోజుల్లోనూ మోకాళ్లు ఎప్పటిలాగే కొంచెం కొంచెం ఎక్కువ వంగుతూ వచ్చాయి. వ్యాయామం ఒక్కరోజూ ఆగలేదు మరి. మర్నాడే మిషన్‌కు గుడ్డ కప్పి, వ్యాయామం పెంచాడు.

బొగ్గుగని కార్మికుడు మంగయ్యకు ఒళ్లు మండింది. రెండు వారాల్లో గొంతుక్కూర్చుని లేవకపోతే అతనికి డ్యూటీకి ఫిట్ సర్టిఫికెట్ ఇవ్వరు.

"ఏంది సారూ, కరెంటు పెట్టకుండ బడిపిల్లగాని లెక్క గుంజీలు తీయిస్తున్నవ్? మొన్న పెట్టినప్పుడు ఎంత సుఖముండె. నా నౌకరి పోతే నువ్విస్తవా?"

ఎబినేజర్ చెవులు ఎర్రబడ్డాయి. నోటుబుక్కులో ఆ పేజీ తీసి మంగయ్య ముందు పెట్టాడు.

"మొన్న గూడ కరెంటు లేకుండె మంగన్నా, నాకూ తెల్వలే, నీ మోకాలికీ తెల్వలే."