కస్మిరాన్ కాదన్న రోజు

మా జెపారా ఊళ్లో టేకు కుర్చీలు చేసేవాళ్లకు కొదవ లేదు గానీ, కస్మిరాన్ అంతటి మెతక మనిషి ఇంకొకడు లేడు. ఆయన నోట "కాదు" అన్న మాట నేనెన్నడూ వినలేదు. ఒకే పూట మూడిళ్ల వాళ్లు విందుకు పిలిస్తే మూడిళ్లలోనూ తినొచ్చి, రెండు రోజులు మంచం దిగలేదు. ఎవరేం చెప్పినా "చిత్తం" అనేస్తాడు.

ఇరవై ఆరేళ్లుగా మా షెడ్డులో చెక్క కోసే బ్యాండ్‌సా మిషను ఆయనదే. తిన్నని కోతకు వెడల్పు బ్లేడు, వంపులకు పావంగుళం బ్లేడు, చెక్క మందమైతే తక్కువ పళ్లది. ఇవన్నీ ఆయన వేళ్లకు తెలుసు, నోటికే రావు.

మొన్న మా యజమానురాలు, ముర్తిని అనే ఆవిడ, సెమరాంగ్ పట్నంలో ఎగ్జిబిషన్‌కు వెళ్లి, అంగుళం వెడల్పు బ్లేడ్లు డజను కొనుక్కొచ్చింది.

"గట్టి చెక్కకు గట్టి బ్లేడు! ఇక పూటకోసారి మార్చే పని లేదు. అన్నిటికీ ఇదే బిగించు కస్మిరాన్."

"చిత్తం అమ్మగారూ."

నాకు ఒళ్లు మండింది. మేం చేస్తున్నవి ఊగే కుర్చీలు. వాటి చేతులు చివర నత్తగుల్లలా చుట్టుకోవాలి. అంత వెడల్పు బ్లేడు అంత సన్న వంపు తిరుగుతుందా? దాని వీపు చెక్కకు ఒరుసుకుని పొగలొచ్చాయి. వంపంతా మాడింది. ఆ మాడు గరుకు కాగితంతో రుద్దాల్సింది నేను.

"చెప్పొచ్చుగా అన్నా! నోట్లో ఏం పెట్టుకున్నావు?"

"అమ్మగారు ముచ్చటపడి తెచ్చారు. ఎలా కాదంటాం చెల్లీ?"

"అయితే నా భుజాలు పడిపోనీలే!"

మూడోరోజు ముర్తిని ఆ మాడిన చేతులు చూసింది.

"పాపం, నీకు చూపు ఆనడం లేదు. రేపటి నుంచి మిషను మా తమ్ముడు చూసుకుంటాడు. నువ్వు వార్నిష్ దగ్గర కూర్చో, సరేనా?"

కస్మిరాన్ ముఖం పాలిపోయింది.

"చిత్తం అమ్మగారూ," అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. అంతలో ఆయన గొంతు సవరించుకుని, "కాదు," అన్నాడు.

షెడ్డులో ఉలులన్నీ ఆగిపోయాయి. ఆ మాట అన్నదెవరా అని ఆయనే వెనక్కి తిరిగి చూశాడు.

తర్వాత మాటామంతీ లేకుండా కొత్త బ్లేడు విప్పి, పావంగుళంది బిగించాడు. కుర్చీ చేతిని నెమ్మదిగా తిప్పాడు. పొగ లేదు, మాడు లేదు.

"మొదటిరోజే చెప్పి ఏడవచ్చుగా ఈ ముక్క!" అంది ముర్తిని.

"మీరు అడగలేదు కదమ్మా. చెప్పారు."

ముర్తిని స్టూలు లాక్కుని కూర్చుంది.

"సరే, ఇప్పుడు అడుగుతున్నా. ఏ పనికి ఏ బ్లేడు?"

ఇరవై ఆరేళ్లలో ఆయన్ని ఎవరూ అడగని మాట అది. కళ్లు తుడుచుకుంటూ మొదలుపెట్టాడు. మసీదు నుంచి మధ్యాహ్నం అజాన్ వినబడినా ఆపలేదు. ముర్తిని రెండుసార్లు లేవబోయింది.

"కూర్చోండమ్మా," అన్నాడు రెండుసార్లూ, "ఇంకా పళ్ల సంగతి రాలేదు."