పెంచలయ్య విప్పిన పదిహేను ముళ్ళు

పక్క ఇంటికి వెల్ల వేస్తున్నారు. తడిసిన సున్నం వాసన కిటికీలోంచి నా బల్ల మీదికి వచ్చింది. నిన్న ఉదయం నా రక్తపోటు నూట ముప్పై నాలుగు. ఈ వాసన తగిలిన పావుగంటకు మళ్ళీ కొలిస్తే నూట యాభై ఎనిమిది. అరచేతులు తడిసి కాగితానికి అంటుకుంటున్నాయి. కారణం నాకు తెలుసు. అరవై ఏళ్ళు గడిచిపోయినా శరీరం దాన్ని మరచిపోలేదు.

నేను ఆరోగ్యశాఖలో ముప్పై మూడేళ్ళు పనిచేశాను. తేదీ లేని మాటను, అంకె లేని వాదనను నమ్మే అలవాటు నాకు లేదు. అయినా ఇక్కడ ఊరి పేరూ తేదీ రాయడం లేదు. రెండూ నా పాత డైరీలో ఉన్నాయి. ఆ ఇళ్ళవారి మనవలు ఇంకా అక్కడే కాపురం ఉన్నారు గనుక వాటిని డైరీలోనే ఉండనిస్తున్నాను. 1960 దశకపు తొలి ఏళ్ళలో ఒక ఎండాకాలమనీ, ముత్తుకూరుకు తూర్పున కాలువ దాటితే వచ్చే చేపలవారి పాలెమనీ చెబితే చాలు. అక్కడ ఇరవై ఆరు ఇళ్ళు. నా రిజిస్టరులో నూట నలభై మూడు పేర్లు. నాకు అప్పటికి ఇరవై నాలుగేళ్ళు. టీకాలు వేయడం నా ఉద్యోగం.

ఆ తీరంలో ‘కట్టు’ అనే ఒక కూటమి ఉండేది. చుట్టుపక్కల పాలేల నుంచి పదకొండుమంది మగవాళ్ళు. తండ్రి తరువాత కొడుకు. మామూలు రోజుల్లో వలలు అల్లుకునేవారు, పడవల అడుగులకు తారు పూసేవారు. ఏ పాలెంలోనైనా మశూచి కనిపించిందంటే సున్నపునీళ్ళలో నానబెట్టిన కొబ్బరినార తాడును సరుగుడు గుంజలకు చుట్టి, ఆ పాలేన్ని మూసేసేవారు. ముఖాలకు సున్నం పూసుకుని కర్రలతో తాడు వెంట నిలబడేవారు. సున్నం పూసుకున్నంత కాలం వారికి పేరు లేదు, పెళ్ళాంబిడ్డలు లేరు. తాడు లోపల కూడా ఎవరూ ఎవరినీ పేరు పెట్టి పిలవకూడదు. అమ్మవారు పేరు విని ఆ మనిషి దగ్గరికి వస్తుందని వారి నమ్మకం. మొదటి తాడును ఆ తల్లే ఇచ్చిందని కూడా చెప్పేవారు. దానికి ఆధారం లేదు. రోజుకొక ముడి వేసేవారు. పదహారు ముళ్ళు పడితే తాడు తెగుతుంది. మధ్యలో కొత్తగా ఎవరికైనా సోకితే వేసిన ముళ్ళన్నీ విప్పి మొదటి నుంచి లెక్క.

ఆ పదకొండుమందికీ పెద్ద పెంచలయ్య గారు. సున్నం పూసుకున్నప్పుడు అందరూ ‘పెద్దకట్టు’ అనేవారు. యాభై దాటిన మనిషి, ఎడమ చెవి సగం లేదు. నేను మొదటిరోజు సంచీతో, రిజిస్టరుతో బల్లకట్టు దిగి, ఊళ్ళో ఎంతమందికి జబ్బుగా ఉందని ఇంటింటికీ తిరిగి అడిగాను. ఆరుగురని తేలింది. టీకాలవాణ్ణి గనుక నన్ను తాడు దాటనిచ్చారు. వచ్చి ఆయనకు చెప్పాను.

“ఆరుగురని ఎవురు చెప్పినారు?” అన్నారాయన.

“వాళ్ళే.”

“వాళ్ళు చెప్తారు సారూ. ఆరుగుర్ని దాయలేక చెప్పినారు. దాయగలిగినోళ్ళు చెప్పలా.” తాడు అవతలి బావి వైపు చెయ్యి చూపించారు. “పొద్దున్నే ఆడ కూర్చో. బిందెలు లెక్కపెట్టు. ఇంటికొక మనిషి నీళ్ళకు రావాల. రాలేదంటే ఆ ఇంట్లో లేవలేనోళ్ళు ఉండారు, లేదా వాళ్ళను చూసుకునేటోళ్ళు ఉండారు.”

మరునాడు కూర్చున్నాను. ఇరవై ఆరు ఇళ్ళకు ఇరవై మూడు బిందెలు వచ్చాయి. బిందె రాని ఆ మూడిళ్ళకు వెళ్ళి చూస్తే ఇంకా నలుగురు పడుకుని ఉన్నారు. శాఖ నాకు మూడునెలల శిక్షణ ఇచ్చింది. లెక్క అడిగి రాసుకునేది కాదని, చూసి కట్టుకోవలసిందని నేర్పింది మాత్రం ఆ బావి గట్టు. నా తరువాతి ఉద్యోగ జీవితమంతా ఆ ఒక్క ఉదయం మీద నిలబడింది.

ఆయనను మంచివాడని రాయడానికి నాకు చెయ్యి రాదు. తాడు కట్టిన నాలుగోనాడు అంకయ్య అనే అతను పట్టిన చేపలు పాడైపోతున్నాయని, కాలువ మీదుగా పడవ తీశాడు. కట్టు మనుషులు నీళ్ళలోకి దిగి పడవను ఒడ్డుకు లాగారు. పెంచలయ్య గారు గొడ్డలి తీసుకుని అడుగుచెక్కను మూడు దెబ్బల్లో పగలగొట్టారు. అంకయ్య ఇసుకలో కూలబడిపోయాడు.

“నా నోటికాడ కూడు కొట్టినావు గదరా,” అన్నాడు. “రేపు నీ ఇంటికొస్తుందిరా ఇది.”

“రానీ,” అన్నారు పెంచలయ్య గారు. “నా ఇంటికీ ఇదే తాడు.”

నేను అభ్యంతరం చెప్పాను. చట్టం ఇలాంటిది ఒప్పుకోదని, పైవాళ్ళకు రాస్తానని అన్నాను. ఆయన గొడ్డలికంటిన తడిని పంచెతో తుడుచుకుంటూ, “రాయి సారూ. రాసి, రేప్పొద్దున నువ్వొక్కడివే వచ్చి ఈ తాడు కాడ నిలబడు,” అన్నారు. నాకు ఒప్పజెప్పిన పాలేలు పదిహేడు. సహాయకుడు ఒక్కడు. ఆ తాడు లేకపోతే టీకా వేయించుకోవడానికి ఒక్కరూ ఊళ్ళో ఉండరని నాకు తెలుసు. ఆ రోజు నివేదికలో ‘ప్రజలు సహకరించుచున్నారు’ అని రాసి పంపాను. అక్షరాలు ఇప్పటికీ గుర్తే.

పెంచలయ్య గారి కూతురు మస్తానమ్మ ఆ పాలెపు కోడలు. తాడు కట్టేనాటికి నిండునెలలు. కట్టిన వారానికి కొత్తగా ఒకరికి సోకి, ముళ్ళు విప్పి మళ్ళీ మొదలుపెట్టారు. ఆ రెండో లెక్కలో మూడో ముడి పడిన ఉదయం ఆమెకు ఆడపిల్ల పుట్టింది. కబురు తెచ్చినది ఆమె అత్త. తాడుకు పది అడుగుల అవతల నిలబడి, “పెద్దకట్టూ, నీకు మనవరా...” అని, నాలిక కరుచుకుని, “ఆ ఇంట్లో బిడ్డ పుట్టింది,” అని సరిచేసుకుంది. ఆయన తల ఊపి గుంజను గట్టిగా దిగగొట్టడంలో పడ్డారు. అవసరం లేకపోయినా ఆ గుంజను చాలాసేపు కొట్టారు.

తాడు ఉన్నంతకాలం శుభకార్యాలు చేయకూడదు. అందుచేత బిడ్డకు బారసాల జరగలేదు, పేరు పెట్టలేదు. నా రిజిస్టరు అంతకుముందు చలికాలంలో తయారు చేసినది. అందులో ఆ బిడ్డకు గీసిన వరస లేదు. మస్తానమ్మ చేతికి టీకా మచ్చ ఉంది, అది రాసుకున్నాను. బిడ్డకు నెల దాటాక వేయవచ్చు అనుకున్నాను. అప్పట్లో మాలో చాలామంది అలాగే అనుకునేవారు. ఇది సంజాయిషీ కాదు.

పదహారో ముడి వేయవలసిన ఉదయానికి పాలెం మొత్తం తాడు దగ్గరికి వచ్చేసింది. మొదటి లెక్కతో కలిపితే ఇరవై మూడు రోజులుగా వారు కాలువ దాటలేదు. బియ్యం అడుగంటాయి. పిల్లలు తాటిముంజలు చీకుతూ నిలబడ్డారు. ఆడవాళ్ళు గంపలు నెత్తిన పెట్టుకునే వచ్చారు. నేను తెల్లవారుతూనే ఇరవై ఆరు ఇళ్ళూ తిరిగి, మిగిలినవారందరినీ చూసి, కొత్త కేసులు లేవని రాసి ఉంచుకున్నాను. నాకూ ఆ తాడు తెగితే ఊపిరి పీల్చుకోవాలని ఉంది.

“సారూ, అంతా సరిపోయిందా?” అన్నారు పెంచలయ్య గారు.

“సరిపోయింది. కొత్తవి లేవు.”

ఆయన తాడు చేతిలోకి తీసుకున్నారు. ముడి వేయలేదు. “ఈ పొద్దు బిందెలు ఇరవై అయిదే వచ్చినాయి,” అన్నారు.

నేను ఆ రోజు బావి దగ్గర కూర్చోలేదు. పదహారో రోజు గదా అని.

“ఏ ఇల్లు?”

ఆయన పేరు చెప్పలేదు. చెప్పకూడదు. చివరి వరసలో ఉన్న తాటాకు ఇంటి వైపు చూశారు. అది మస్తానమ్మ ఇల్లు. గంట క్రితం నేను అక్కడికి వెళ్ళాను. ఆమె గడపలో నిలబడి ఉంది. భర్త, అత్త, మామ, నలుగురికీ నలుగురు. లోపల ఉయ్యాల మీద గుడ్డ కప్పి ఉంది. వరస లేని బిడ్డ గనుక ఆ గుడ్డ తీయాలని నాకు తోచలేదు.

మళ్ళీ వెళ్ళాను. మస్తానమ్మ అడ్డం నిలబడింది. “చెమటకాయలు సారూ,” అంది. “ఎండకు పేలినాయి అంతే.” నేను గుడ్డ తొలగించాను. నుదుటి మీద, అరచేతుల్లో, అరికాళ్ళలో పొక్కులు. లెక్కపెట్టబోయి మానుకున్నాను. జీవితంలో నేను లెక్కపెట్టకుండా వదిలినవి అవి మాత్రమే.

తిరిగి వచ్చి, “ఉన్నాయి,” అన్నాను. ఎవరికని చెప్పకపోయినా అందరికీ అర్థమైంది. గంపలు కిందికి దిగాయి.

కట్టులో రెండోవాడు ముందుకు వచ్చాడు. “పెద్దకట్టూ, పేరు లేని బిడ్డ అమ్మవారికి కనపడదు. అది లెక్కలోకి రాదు. మన తాతలనాటి మాట. ముడి ఎయ్యి,” అన్నాడు. తరువాత నా వైపు తిరిగాడు. “సారూ, మీ పుస్తకంలో ఉండాదా ఆ బిడ్డ?”

నేను రిజిస్టరు తెరిచాను. తెరవవలసిన పని లేదు. నా ఎదుట నూరు జతల కళ్ళు, వాటి వెనుక ఖాళీ కుండలు. ‘పుస్తకంతో పని లేదు, ప్రభుత్వం తరఫున నేను మూయిస్తున్నాను’ అనే అధికారం నాకు ఉంది. ఆ ఉత్తర్వు నా సంచిలోనే ఉంది. చేయవలసింది ఆ ఒక్క మాట అనడమే.

“లేదు,” అన్నాను.

“చూసినారా. గవర్నమెంటు పుస్తకంలో కూడా లేదు,” అని ఎవరో గంప ఎత్తుకున్నారు.

పెంచలయ్య గారు నన్ను చూశారు. కోపం లేదు. ఇతను ఇంతవరకే పనికివస్తాడని కొలుచుకున్న చూపు. తరువాత తాడు గుంజకు ఆనించి చివరి ఇంటి వైపు తిరిగి నిలబడ్డారు. ఆయన ఏం చేయబోతున్నారో నాకంటే ముందు మస్తానమ్మకు తెలిసింది. ఇంట్లోంచి పరుగెత్తుకుని వచ్చింది.

“నాయనా, వద్దు. పిలవద్దు నాయనా. నీ కాళ్ళకు మొక్కుతా, నోరు మూసుకో.”

“రమణమ్మా,” అన్నారాయన. గొంతు పెద్దది చేసి, పడవల మీద పిలిచినట్టు. “నా మనవరాలి పేరు రమణమ్మ. మా ఇంటిదాని పేరు పెట్టినాను. అందరూ విన్నారా? ఇప్పుడు లెక్కలోకి వచ్చింది.”

ఆయన పదిహేను ముళ్ళనూ ఒక్కొక్కటే విప్పారు. సున్నంలో బిగిసినవి గనుక గోళ్ళతో లాగవలసి వచ్చింది. ఎవరూ సాయం రాలేదు, ఎవరూ ఆపలేదు. విప్పడం అయ్యాక కాలువలోకి దిగి ముఖం కడుక్కున్నారు. బంధుత్వం పలికినవాడు కట్టులో ఉండకూడదు. తాడు రెండోవాడి చేతికి ఇచ్చి, తాను తాడు దాటి లోపలికి వెళ్ళి, పాలెంవాళ్ళతోపాటు మూసుకుపోయారు. నేను నూట నలభై నాలుగో వరస గీసి ‘రమణమ్మ, పదమూడు రోజులు’ అని రాశాను.

ఆ తరువాత అయిదో రోజున బిడ్డ పోయింది. మూడోసారి మొదలైన ఆ లెక్క పదహారు రోజుల్లో ఒక ముసలాయన తిండి చాలక పోయాడు. అతనికి మశూచి లేదు. చుట్టుపక్కల పదహారు పాలేల్లో ఆ ఏడు ఒక్క కేసూ రాలేదు. ఈ మూడు సంగతులనూ నేను ఎన్నో విధాలుగా పక్కపక్కన పెట్టి చూశాను. వాటిని కూడడం, తీసివేయడం నాకు చేతకాలేదు. తాడు లేకపోయినా ఆ పాలేలకు సోకేది కాదేమో, సోకితే ఎంతమందో. అంత చిన్న బిడ్డ ఎలాగూ బతకడం అరుదని నాకు తెలుసు. మస్తానమ్మకు అది ఎలా చెప్పాలో తెలియక చెప్పలేదు. తండ్రి పిలిచినందుకే అమ్మవారు విన్నదని ఆమె నమ్మింది. పెంచలయ్య గారు కూడా అలాగే నమ్మారు. నమ్మి పిలిచారు. నాకు ఆ నమ్మకం లేదు గనుక ఆయన చేసిన పని బరువు నేను ఎప్పటికీ తూచలేను.

ఆయన ఆ తరువాత ఆరేళ్ళు బతికారు. కూతురు ఆయనతో మాట్లాడలేదు. ఆయన పోయిన మరుసటి ఏడు నేను టీకా మచ్చల తనిఖీకి ఆ పాలెం వెళ్ళాను. మస్తానమ్మ తన ఇద్దరు మగపిల్లల చేతులు చూపించింది. నేను రాసుకుంటుండగా, “సారూ, ఒక మాట అడుగుతా,” అంది.

“అడుగమ్మా.”

“ఆ పొద్దు నేను ఇంట్లోంచి అంతా విన్నాను. పుస్తకంలో ఉండాదా అని అడిగితే మీరు లేదన్నారు. ఉండాది అని ఉంటే మా నాయన పిలిచే పని ఉండేది కాదు గదా?”

“ఉండేది కాదు,” అన్నాను.

ఆమె తల ఊపింది. ఆ జవాబు కోసం ఏడేళ్ళు ఆగిన మనిషిలా, పిల్లల చొక్కా చేతులు కిందికి దించి లోపలికి పంపింది.

నా రిజిస్టరులో ఆ రోజు తప్పు లేదు. నూట నలభై మూడు అన్నది సరైన అంకె. సరైన అంకె చెప్పి నేను ఒక మనిషి మీదికి తోసిన పనిని ఆయన చేశారు. అప్పటి నుంచి ఉద్యోగం ముగిసేదాకా ఏ గడపలోనైనా నేను మొదట అడిగిన ప్రశ్న ఒకటే: “ఇంకా పేరు పెట్టని బిడ్డ ఉందా?” ఉందంటే పేరు కోసం ఆగకుండా వరస గీసేవాణ్ణి. లేదంటే లోపలికి వెళ్ళి ఉయ్యాల చూసేవాణ్ణి.