ముద్ద మాన్పించిన మూడు రోజులు

బందరు చర్చిలో మా సంఘం యూత్ నుంచి కెన్యా వెళ్లే జట్టుకి పేర్లిమ్మన్నప్పుడు అందరికంటే ముందు చెయ్యెత్తింది నేనే. సేవ చెయ్యాలన్న భారం నా హృదయంలో ఉందని అందరి ముందూ చెప్పాను. అది అబద్ధం కాదు గానీ పూర్తి నిజమూ కాదు. నేను గుడివాడలో ల్యాబ్ టెక్నీషియన్ని. అమ్మ చనిపోయిన ఏడాదే నాన్న, అన్నయ్య కృత్తివెన్ను వైపు రొయ్యల చెరువుల మీద పనికి వెళ్లి గట్టు మీద షెడ్డులోనే ఉండిపోయారు. ఆరు రోజులు ఊళ్లోవాళ్ల రక్తం తీయడం, ఆదివారం బందరు వెళ్లి ఆరాధనలో కూర్చోవడం, గదికొచ్చి కర్రీ పాయింటు కూరని గిన్నెలోకి కూడా వంచుకోకుండా కవర్లోంచే తినడం, ఇదీ నా బతుకు. నేను ఒక పూట కనపడకపోతే ఏమైందోనని అడిగే మనిషి లేదు. ఎంత దూరమైనా సరే, వెళ్లి ఎవరికో ఒకరికి కావలసినదాన్ని అవ్వాలనిపించింది.

ఆరుగురం వెళ్లాం. అందరిలోకీ పెద్దదాన్ని నేనే కాబట్టి అందరికీ అక్కని. ఆఫ్రికా అంటే బందరు ఎండకి తాత అనుకుని చెమటకాయల పౌడరు మూడు డబ్బాలు మోసుకెళ్లాం. నైరోబీ నుంచి బస్సులో ఏడు గంటలు కొండల్లోకి వెళ్లాక, దిగిన చోట పళ్లు టకటకలాడే చలి. మా తెలివికి మేమే నవ్వుకుని, తెచ్చుకున్న దుప్పట్లు కప్పుకునే తిరిగాం.

పొద్దున పూట అక్కడి మిషన్ ఆసుపత్రిలో పని. పక్కలు మార్చడం, లేవలేని ఆడవాళ్లకి తల దువ్వడం, గోళ్లు తీయడం. సూది మాత్రం నన్ను ముట్టుకోనివ్వలేదు, ఆ దేశంలో దానికి అనుమతి కావాలిగా. ఇన్నేళ్లుగా మనుషుల చేతుల్లో నరం తప్ప ఇంకేదీ చూడనిదాన్ని, అక్కడ ఒకావిడ చెయ్యి అరగంట ఊరికే పట్టుకుని కూర్చున్నాను. మధ్యాహ్నం ఆసుపత్రి వెనకే ఉన్న పిల్లల హోమ్‌కి వెళ్లేవాళ్లం. అమ్మానాన్నలు లేని పిల్లలు ముప్పైమంది దాకా ఉండేవారు. వాళ్లందరినీ చూసేది యాభై దాటిన ఒక పెద్దావిడ. నవ్వు తక్కువ, అడుగు గట్టి. మేం ఆంటీ అనేవాళ్లం. ఆవిడ ఇంగ్లిషు మాకు అర్థమయ్యేది, మా ఇంగ్లిషు ఆవిడ ఓర్చుకునేది.

రెండో రోజు భోజనాల దగ్గర ఆ పాపని చూశాను. నాలుగేళ్లుంటాయి. అందరూ తినేసి ఆటలకి పరిగెత్తారు. పొడుగాటి బల్ల దగ్గర తనొక్కతే మిగిలింది. స్పూను పిడికిట్లో పట్టుకుని, నాలుగు మెతుకులు నోట్లో పెట్టుకుని, గోడకేసి చూసి, మళ్లీ నాలుగు మెతుకులు. ప్లేట్లో అన్నం ఒక పక్క, రాజ్మా కూర ఒక పక్క చల్లారిపోతున్నాయి. ఆంటీ కాస్త దూరంలో కూర్చుని బఠాణీలు వొలుచుకుంటోంది. ఈవిడకి కళ్లు లేవా అనుకున్నాను. నేను పుట్టి పెరిగిన దివిసీమలో పక్కింటి పిల్ల అలా కూర్చున్నా సరే, నాలుగు ముద్దలు కలిపి పెట్టకుండా ఎవరూ ఊరుకోరు.

చెయ్యి కడుక్కుని వెళ్లి కూర్చున్నాను. గింజలు వేళ్లతో చిదిపి, అన్నంలో మెత్తగా పిసికి ముద్ద చేసి నోటి దగ్గర పెట్టాను. పాప ఒక నిమిషం నా వేళ్లకేసి చూసింది, తర్వాత నోరు తెరిచింది. నేను తెలుగులో కబుర్లు చెబుతూనే ఉన్నాను. ఇది కాకి ముద్ద, ఇది పిచ్చుక ముద్ద, ఇది అమ్మ ముద్ద అని అలవాటుగా అనేసి నాలిక కరుచుకున్నాను. తనకి తెలుగు రాదు కాబట్టి బతికిపోయాను. ప్లేటు ఖాళీ అయింది.

మర్నాటి నుంచి పాప నాకోసం గుమ్మంలో నిలబడేది. నేను కూర్చునేదాకా బల్ల దగ్గరికి వచ్చేది కాదు. స్పూను పక్కకి నెట్టేసి నోరు తెరిచేది. జట్టులో అమ్మాయిలు, అక్కకి కూతురు దొరికిందని ఏడిపించేవాళ్లు. నేను విసుక్కున్నట్టు నటించేదాన్ని. నిజానికి పొద్దున ఆసుపత్రిలో ఉన్నంతసేపూ మధ్యాహ్నం ఎప్పుడవుతుందా అనే చూసేదాన్ని. చాలా కాలానికి నేను సంతోషంగా ఉన్నాను.

వారం గడిచాక, గురువారం, తినిపించడం అయ్యాక ఆంటీ నన్ను వరండాలోకి పిలిచింది. కోప్పడలేదు, అదే కష్టంగా ఉంది. ఆ పాప తల్లి పక్క ఆసుపత్రిలోనే రెండు నెలల కిందట పోయిందట. హోమ్‌కి తెచ్చినప్పుడు పాప ఏమీ ముట్టుకునేది కాదట. తల్లి పెడితేనే తినే పిల్ల. ఆంటీ రోజూ కావాలనే దూరంగా కూర్చుని, తినిపించకుండా, చూడనట్టు చూస్తూ, స్పూను పట్టుకునే దాకా తీసుకొచ్చిందట. ఆ బఠాణీలు వొలవడం అందుకట. ముప్పైమందిలో ఒక్కరికే రోజూ తినిపించడం ఆవిడకి కుదరదుగా.

"నువ్వు ఆదివారం వెళ్లిపోతావు. సోమవారం మధ్యాహ్నం ఆ పిల్ల నోరు తెరిచి ఎవరికేసి చూడాలి?" అంది.

ఏం చెయ్యమంటారని అడిగాను. మానిపించమంది, అదీ నేనే మానిపించాలంది. చెప్పకుండా మాయమైతే తల్లిలాగే నేనూ పోయాననుకుంటుందట. ఎదురుగా కూర్చోవాలి, పెట్టకూడదు.

శుక్రవారం ఎదురుగా కూర్చున్నాను. పాప నోరు తెరిచింది. తల అడ్డంగా ఊపి స్పూను తన చేతిలో పెట్టాను. ఆట అనుకుని నవ్వి, స్పూను కింద పడేసి మళ్లీ నోరు తెరిచింది. అలా ఎంతసేపు తెరిచి ఉంచిందో. చివరికి నోరు మూసుకుంది. ప్లేటు నిండుగా వెనక్కి వెళ్లింది. ఆ పూట నాకూ ముద్ద దిగలేదు. నేను మానేస్తే ఏం లాభమని ఆంటీ నా చేత బలవంతంగా టీ తాగించింది.

శనివారం పాప నా చెయ్యి పట్టుకుని తన ప్లేట్లో పెట్టింది. వేళ్లు ఒక్కొక్కటే మడిచి, ఎలా కలపాలో నాకు నేర్పించింది, నేనే మర్చిపోయానన్నట్టు. చెయ్యి లాక్కుని రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను. చప్పుడు లేకుండా ఏడ్చింది. పక్కనున్న మా జట్టు అమ్మాయి ఒకతి, "ఒక్క ముద్ద పెట్టక్కా, పాపం" అంది. దాని మీద ఎగిరిపడ్డాను. కానీ ఆ కోపం దాని మీద కాదు. నేను పెట్టింది ఆ పాప ఆకలికి కాదని, నా ఆకలికేనని అప్పటికి నాకు తెలిసిపోయింది. పాప రెండు స్పూన్లు తిని లేచిపోయింది.

ఆదివారం మా బస్సు మధ్యాహ్నం. బ్యాగులు గుమ్మం దగ్గర పెట్టి వచ్చి కూర్చున్నాను. పాప వచ్చింది. ఈసారి నోరు తెరవలేదు. తన ప్లేటు తీసుకుని బల్లకి ఆ చివరికి వెళ్లి, నాకు వీపు పెట్టి కూర్చుని, స్పూనుతో మొత్తం తినేసింది. ఆంటీ నాకేసి చూసి తలూపింది. వెళ్లేముందు దగ్గరికి పిలిస్తే పాప రాలేదు. బస్సులో మావాళ్లందరూ పాటలు పాడుతుంటే నేను కిటికీకేసి తిరిగి కూర్చున్నాను.

తిరిగొచ్చిన నెలకి సంఘంలో కృతజ్ఞత కూడిక పెట్టారు. ఆ ముందు రోజే ఆంటీ దగ్గర్నుంచి ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. పాప బాగా తింటోందని, బరువు పెరిగిందని, నన్ను అడగడం లేదని, కంగారు పడవద్దని. మైకు నా చేతికిచ్చినప్పుడు ఆసుపత్రి గురించి చెప్పాను, చలి గురించి చెప్పి నవ్వించాను, పాపకి అన్నం తినిపించానని కూడా చెప్పాను. మాన్పించిన సంగతి మాత్రం చెప్పలేదు.

స్త్రీల వరసలోంచి, అవనిగడ్డ నుంచి చుట్టపుచూపుగా వచ్చిన ముసలావిడ ఒకరు లేచి, "మరిప్పుడు ఆ పిల్లకి ఎవరు తినిపిస్తున్నారమ్మా?" అని అడిగారు.

"ఎవరూ లేరండీ. తనే తింటోంది" అన్నాను.

దేవునికి స్తోత్రం అని హాలంతా చప్పట్లు కొట్టింది. ఆవిడ కొట్టలేదు. "అయ్యో, నాలుగేళ్ల పిల్ల" అని పక్కావిడతో చిన్నగా అని కూర్చున్నారు. నేను మైకు ఇచ్చేసి వెళ్లి వెనక వరసలో కూర్చున్నాను. కెన్యాలో ఆ మూడు రోజులూ రాని ఏడుపు అప్పుడొచ్చింది.