చప్పుడున్న చోట మా యారాలు

నా పేరు ఈరమ్మ. వయసు డెబ్బై దాటింది. ఎంత దాటిందో ఆధార్ కార్డుకు ఒక లెక్క ఉంది, నా మోకాళ్లకు ఇంకో లెక్క ఉంది. మాది మానవపాడు దగ్గరి పల్లె. ఇంట్లో నేను, నా కొడుకు, కోడలు, ఒక బర్రె. మా యారాలు, అంటే మా బావ భార్య, మొన్న హైదరాబాదులో పోయింది. పొద్దు పొడవకముందే ఆమె కొడుకు ఫోన్ చేసి, "చిన్నమ్మా, అమ్మ పోయింది" అన్నాడు. ఆ పైన ఫోన్ పెట్టేయలేదు. ఫోన్‌లో వాడి వెనక బస్సుల హారన్లు వినబడుతూనే ఉన్నాయి. వాడి మాటకు రాని ఏడుపు ఆ హారన్లకు వచ్చింది నాకు. ఎందుకో ముందు ముందు చెబుతాను.

నాకు చదువు రాదు. నేను చెబుతుంటే మా ఊరి రిటైరు పంతులు రాస్తున్నాడు. నా చెప్పుడును ఆయన పుస్తకం భాషలో పెట్టుకోవచ్చు గానీ, మనుషులు అన్న మాటలు అన్నట్టే ఉండాలని ముందే మాట తీసుకున్నాను.

పంచాయితీ ఇది. యారాలి కొడుకు ఆమెను పట్నంలోనే కాల్చి, బొక్కలు, అంటే ఎముకలు, కుండలో పట్టుకొచ్చి మా మెట్టచెలకలో తుమ్మచెట్టుకు కట్టాడు. మా ఇంటివాళ్ల సమాధులన్నీ చెలక పైకొసన గుట్ట కింద ఉన్నాయి. ఆ కుండనూ అక్కడే పెట్టాలంటాడు మా మరిది తిమ్మప్ప. కానీ ఆమె బతికుండగా నాతోనూ కొడుకుతోనూ చెప్పిన మాట వేరు. "నన్ను గుట్ట కింద పెట్టకుండ్రి. రోడ్డు మొగాన పెట్టుండ్రి." చెలక కిందికొస పెద్దరోడ్డుకు ఆనుకుని ఉంటుంది. రాత్రీ పగలూ లారీలే. ఆ మూలను మా మరిది డాబా హోటలు పెట్టేవాడికి ఇస్తానని మాటిచ్చాడు. "డాబా ముంగట సమాధి ఉంటే ఎవడు కూసొని తింటడు వదినా?" అంటాడు. లారీవాళ్లు ఒక దండం పెట్టి రెండు రొట్టెలు ఎక్కువే తింటారని నేనన్నాను. ఆయన నవ్వలేదు.

ఆమె ఆ మాట ఎందుకు అడిగిందో వినండి. మా బావ చెలకలో గుడిసెలోనే పోయాడు. గుండెనొప్పి. రాత్రంతా ఆమె ఊరి వైపు తిరిగి పిలిచింది. ఒక్క మనిషి రాలేదు, ఒక్క కుక్క మొరగలేదు. ఆ తర్వాత ఆమెకు ఊళ్లో నిద్ర పట్టలేదు. సందు సందు తిరిగేది. మేస్త్రీ మనుషులను పట్నం తోలుకుపోతుంటే మొదట బండెక్కింది ఆమే. కొన్నాళ్లకు నేనూ పోయాను. మెట్రో స్తంభాలు లేస్తున్న రోజులవి. కూకట్‌పల్లి వైపు అపార్ట్‌మెంటు పని. రోడ్డు పక్కనే మా రేకుల గుడిసెలు.

ఒకనాడు సున్నం నానబెట్టిన తొట్టి మీదికి వంగాను. లోపల కుతకుతమంటోంది. సున్నం చింది రెండు కళ్లలో పడింది. ఆమె పరుగున వచ్చి నా తల పట్టి నీళ్ల డ్రమ్ములో ముంచింది. ఊపిరాడక తన్నాను, కొరికాను. వదల్లేదు. ఆ నీళ్లే కాపాడాయని దవాఖానలో డాక్టరమ్మ చెప్పింది. చెప్పి, రెండు కళ్లకూ కట్టు కట్టి పంపింది. చూపు వస్తుందో రాదో మాత్రం చెప్పలేదు.

అప్పుడు మొదలైంది నా కాలు నిలవని కాలం. పగలు ఎట్లనో పోయేది. రాత్రి కాగానే ఆ పట్నమంతా నా మీదికి వచ్చిపడేది. ఎటు నుంచి ఏ లారీ ఎక్కుతుందో అని ముడుచుకునేదాన్ని. కట్టు పీకేస్తా, ఊరికి పోతా అని లేచి గోడలు తడిమేదాన్ని. ఆమె ఆపేది కాదు.

"పో. నేనొద్దంటినా? గా టకటక ఏందో చెప్పి పో."

"నాకేం తెల్వదు. ఎవడో రేకు కొడ్తుండు."

"రేకు కాదు. మూల మీద పోరడు నూడుల్స్ చేస్తుండు. గరిటతోటి మూకుడును కొడ్తుండు. ఆకలైనోళ్లు ఇంక లైనుల నిలబడ్డట్టే."

ఇట్లా ప్రతి రాత్రీ నా చెయ్యి పట్టుకుని గుడిసె బయట కూర్చునేది. నేను తప్పు చెబితే నెత్తి మీద మొట్టేది. పటాన్‌చెరు, పటాన్‌చెరు అని చివరి బస్సు కండక్టరు అరుపు. దుకాణాల షట్టర్లు ఒకటి వెనక ఒకటి పడటం. ఇరానీ హోటల్లో కప్పులు సాసర్ల మీద పడేసే చప్పుడు. బ్యాండుతో పోయే పెళ్లి బారాత్, దాన్ని దాటలేక గింజుకునే అంబులెన్సు. ఆ అంబులెన్సు పోయేదాకా ఆమె చెయ్యి బిగిసేది. పక్క గుడిసెలో బీహారు పిల్లలు వాళ్ల అమ్మలతో ఫోన్లలో గొణిగేవాళ్లు. మాట తెలియకున్నా, అన్నం తిన్నావా అన్న మాట ఏ భాషలోనైనా తెలుస్తుంది అనేది ఆమె. దూరంగా రైలు కూత. తెల్లారేముందు పాలవ్యాను డబ్బాలు, ఆ వెంటనే మసీదు నుంచి అజాన్.

ఒక రాత్రి నేను ఏడుస్తుంటే అన్నది, "చప్పుడైతుందంటే ఎవడో మేల్కొనున్నడు. పిలిస్తే పలుకుతడు. నీకేం భయం?" ఆ ఒక్క మాట పట్టుకుని పడుకున్నాను. ఆ తర్వాతే నిద్రపోవడం నేర్చుకున్నాను.

నాకు ఒక కంటికి చూపు బాగానే వచ్చింది. రెండోది మసక. నేను ఊరికి వచ్చేశాను, ఆమె రాలేదు. ఒక అపార్ట్‌మెంటు కింద గదిలో ఉండి ఊడ్చేది, తుడిచేది. అప్పుడప్పుడు ఫోన్ చేసేది. బర్రె పాలిస్తుందా, మోకాలు నొప్పి తగ్గిందా, అంతే. మాటలైపోయాక పెట్టేసేది కాదు. "ఇను" అని ఫోన్‌ను రోడ్డు వైపు పట్టేది. ఇక్కడ మంచంలో పడుకుని పట్నమంతా వినేదాన్ని. ఆమె పోయిందని కొడుకు చేసిన ఫోన్‌లో ఆ హారన్లకు ఏడుపెందుకు వచ్చిందంటే అందుకు. పట్టుకున్న చెయ్యి ఆమెది కాదు.

నిన్న రాత్రి నాకు ఇంట్లో ఉండబుద్ధి కాలేదు. తుమ్మచెట్టు నుంచి కుండ విప్పుకుని పోయి రోడ్డు మూలన కూర్చున్నాను. నా కొడుకు పిలిచాడు, పోలేదు. తిమ్మప్ప బ్యాటరీ లైటు పట్టుకుని వచ్చాడు.

"ఇంటికి నడువు వదినా. జనం నవ్వుతరు."

"నవ్వనీ. కూసో. కండ్లు మూసుకో. వచ్చేదేందో చెప్పు."

లైటు ఆర్పాడు. తర్వాత కూర్చున్నాడు.

"ఉల్లిగడ్డ లారీ. కర్నూలు నుంచి వస్తుంది."

"వాసన పట్టి చెప్పుడు లెక్క కాదు."

ఇంకో లారీ వచ్చింది. కళ్లు మూసుకునే చెప్పాడు. "బ్రేకు ఏసిండు. దిగిండు. టైర్లు తన్ని చూస్తుండు." ఆ డ్రైవరు మమ్మల్ని చూడలేదు. ఏదో పాట గొణుక్కుంటూ ఎక్కి పోయాడు. ఆ చప్పుడు పూర్తిగా పోయేదాకా మా మరిది కళ్లు తెరవలేదు.

"మా అన్న పోయిన రాత్రి," అన్నాడు చివరికి, "పెద్దొదిన పిలిచింది నాకు ఇనబడలే."

నేను కుండను కొంచెం ఆయన వైపు జరిపాను. తెల్లారేదాకా ఇద్దరం అక్కడే ఉన్నాం, కుండ మా మధ్యన.

ఇక నా మాట. ఆ చెలకలో నా పెనిమిటి భాగం ఉంది. అందులో నుంచి రోడ్డు మొగాన ఒక మంచమంత జాగా మా యారాలికి ఇస్తున్నాను. దాని మీద బండ పడాలి. దాన్ని తీయాలనుకున్నవాడు ముందు నన్ను తీయాలి. డాబా వస్తే రానీ, ఆమె పక్కనే గరిటలు మోగనీ. రాత్రి ఎవరో మేల్కొనే ఉంటారు.

ఇది రాయిస్తుండగా తిమ్మప్ప వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. పంతులు చదివి వినిపిస్తే మొత్తం విన్నాడు. తర్వాత పెన్ను ఇమ్మని చెయ్యి చాపాడు.

ఇది నా ఎడమచేతి బొటనవేలి ముద్ర: ఈరమ్మ.

చూసి సంతకం పెట్టినవాళ్లు: పక్కింటి గోవిందమ్మ, యారాలి కొడుకు మల్లేశు, మరిది తిమ్మప్ప.