కిటికీ పక్క వాక్కాయ పొద

నిర్మల్‌లో మేము అద్దెకున్న ఇంట్లో నా మంచం పక్కనే కిటికీ, కిటికీ అవతల ఒక వాక్కాయ పొద ఉండేవి. పెళ్లయిన మరుసటేడు నాకు టైఫాయిడ్ వచ్చింది. జ్వరం తగ్గినా లేచి తిరిగే బలం లేక రోజంతా అక్కడే పడుకునేదాన్ని. అప్పుడే పొద పూతకు వచ్చింది. చిన్న చిన్న తెల్లటి పూలు, జాజుల్లాంటి వాసన. మధ్యాహ్నం కన్ను మూతపడితే ఆ వాసన నిద్రలోకి కూడా వచ్చేది. మెలకువ వచ్చాక, ఇంతసేపు ఎక్కడెక్కడ తిరిగొచ్చానో అనిపించేది. కొమ్మలు కిటికీ ఊచలను గీకుతుంటే ఎవరో మెల్లగా పిలుస్తున్నట్టుండేది.

మా ఆయనకు మాత్రం ఆ పొదంటే విసుగు. స్కూటర్ లోపలికి తెచ్చిన ప్రతిసారీ చేతులు గీరుకుపోయేవి.

"గీ ముండ్ల చెట్టును తవ్వి పారేస్త," అన్నాడు ఒకరోజు.

నాకు వాదించే ఓపిక లేదు. ఆ మాట గోడ అవతల ఉన్న పక్కింటావిడ విన్నది. పిన్నిని పిలిచినట్టు ఆమెను ఖాలా అని పిలిచేదాన్ని. భర్త పోయాక ఆమె బట్టలు కుడుతూ ఒక్కతే ఉండేది. నాకు పథ్యం వండి గోడ మీదుగా అందించేది ఆమే.

"తియ్యకు బేటా. కాయ అయిపోయినంక కత్తిరిద్దాం. ఎన్నేండ్ల సంది ఎవ్వరు కత్తిరియ్యలే దాన్ని."

వానలు పడ్డాక కాయలు కోశాం. ఆమె మాంసంలో వేసి వండింది, నేను పచ్చడి పెట్టాను. తర్వాత ఒక ఉదయం చేతులకు పాత గుడ్డలు చుట్టుకుని, కొడవలి, పెద్ద కత్తెర పట్టుకుని వచ్చింది. నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి, ఎండిన కొమ్మలు, ఒకదాన్నొకటి ఒరుసుకునే కొమ్మలు తీసేసింది. కోసిన చోటల్లా పాలు కారాయి. చివరికి కత్తెర నా చేతికిచ్చింది. రెండు చేతులతో నొక్కితే ఒక కొమ్మ తెగింది. జ్వరం తర్వాత నేను బలం పెట్టి చేసిన మొదటి పని అది.

నేలకు ఆనుకున్న కొమ్మను కోయబోతే ఆపింది.

"గా కొమ్మ ఉండనీ. అంటు కడదాం."

కొమ్మ అడుగున బెరడు కొద్దిగా గీరి, ఆ చోటును మట్టిలో పూడ్చి, పైన ఇటుక పెట్టింది. కొస మాత్రం బయటికి ఉంచింది.

"ఏర్లు వస్తయా ఖాలా?"

"వస్తయి. నువ్వు తవ్వి తవ్వి చూడకు."

మిగిలిన వానాకాలమంతా పగటి నిద్రలో నాకొక కల వచ్చేది. నా చేతుల నుంచి సన్నటి తెల్ల దారాలు మట్టిలోకి దిగుతుండేవి. భయం వేసేది కాదు. లేచాక ఒళ్లు తేలిగ్గా ఉండేది.

మరుసటేడు వానల్లోనే మా ఆయనకు కరీంనగర్ బదిలీ అయింది. మేము ఖాళీ చేశాక పొద తీసేసి పెరట్లో గది కడతానన్నాడు ఇంటి ఓనరు.

"చెట్టును గూడ తీస్కపోదామా?" అన్నది మా ఆయనే. నేను అతని ముఖంలోకి చూశాను. నవ్వడం లేదు.

వేరు పట్టిన అంటును తల్లి చెట్టు నుంచి కోసి ఖాలాకు ఇచ్చాను. పొదను మోకాలెత్తుకు నరికి, చుట్టూ తవ్వి, వేళ్లను మట్టితో సహా తడి గోనెసంచిలో కట్టాం. వ్యానులో గిన్నెలకూ పరుపులకూ మధ్య అది కూర్చుంది. గోదావరి దాటుతుంటే వాన మొదలైంది. వంతెన, నీళ్లు, ఆకాశం అన్నీ ఒకే బూడిద రంగులో కలిసిపోయాయి. మేము ఎక్కడికీ పోకుండా గాలిలో ఆగిపోయినట్టనిపించింది.

కరీంనగర్‌లో నాటిన వారానికే ఆకులన్నీ రాలాయి. చలికాలమంతా అది ఒట్టి పుల్లల కట్ట. ఖాలాకు ఫోన్ చేశాను.

"సచ్చిపోయినట్టున్నది."

"గోరుతోని గీరి చూడు."

ఫోన్ చెవి దగ్గర పెట్టుకునే గీరాను. బెరడు కింద పచ్చగా ఉంది.

"పచ్చగనే ఉన్నది ఖాలా."

"మరింకేంది. ఫికర్ పడకు."

ఎండలు ముదురుతుండగా మొదలు దగ్గర రాగి రంగు చిగురు కనిపించింది. ముందు చూసింది మా ఆయన. "జర గిటు రా," అని పిలిచి, నేను వచ్చేదాకా దాని పక్కనే కూర్చున్నాడు.

ఖాలా చెట్టే ముందు కాసింది. బంధువుల పెళ్లికి కరీంనగర్ వచ్చినప్పుడు డబ్బా నిండా కాయలు తెచ్చింది. ఉప్పూ కారం అద్దుకుని, పళ్లు పులిసిపోయేదాకా తిన్నాం. మా చెట్టు చుట్టూ తిరిగి చూసి, "వచ్చే ఏడు కాస్తది," అన్నది.

కాసింది. రెండు గుప్పిళ్లు, అంతే. మా ఆయన వాటిని తనే కోసి, కడిగి తెచ్చి, పప్పులో వేయమన్నాడు.