అమ్మ పేరున్న డబ్బా

ఈ రోజు సాయంత్రం షాద్‌నగర్ నుంచి అమ్మ స్నేహితురాలు జహీరా చిన్నమ్మ వచ్చింది. వస్తూ ఒక స్టీలు డబ్బా నిండా ఖర్జూరాలు తెచ్చింది. అమ్మ ఖర్జూరాల వైపు చూడనే లేదు. మూత మీద చెక్కిన పేరే చూసింది: యాదమ్మ, నల్గొండ.

ఆరేళ్ల కింద మర్రిగూడలో ఉండే మా మేనత్తకు సకినాలు పంపిన డబ్బా అది. మళ్లీ తిరిగి రాలేదు. ఆ డబ్బా గురించి అమ్మ మేనత్తను అడగని పండుగ లేదు.

"ఇగ ఇది నా ఇల్లు దాటది," అంది అమ్మ.

"పేరు నీదే అక్కా. కని గది అచ్చంపేటల మా ఆడబిడ్డ తేనె పోసి పంపిన డబ్బ. వాపస్ ఇయ్యకుంటె ఊకుంటదా?"

మర్రిగూడ నుంచి అచ్చంపేటకు అదెట్లా చేరిందో ఇద్దరికీ తెలియదు. అమ్మ కాసేపు ఆలోచించి ఖర్జూరాలు గిన్నెలో పోసుకుంది. డబ్బా కడిగి చిన్నమ్మ ముందు పెట్టింది. పెట్టిందే గానీ, మళ్లీ వెనక్కి లాక్కుంది.

"ఖాళీ డబ్బ ఎట్ల పంపుత?" అంటూ దాని నిండా మురుకులు నింపి, తనే చిన్నమ్మ సంచిలో పెట్టింది.

ఆరేళ్లు వెతికిన డబ్బా మా ఇంట్లో అరగంట ఉంది. మీ వంటింటికి ఎప్పుడైనా వస్తే దయచేసి పంపించండి. ఖాళీగా పంపినా మేమేమీ అనుకోం.