యాది అని రాసిన మాట

ప్రేమ్‌సింగ్ సార్‌ను నేను మొదట చూసింది నా పీహెచ్‌డీ వైవా రోజున. తీసిస్ సమర్పించాక, బయటి యూనివర్సిటీ నుంచి వచ్చిన పరీక్షకుడి ముందు, అందరూ చూస్తుండగా మన పనిని మనం నిలబెట్టుకోవడమే వైవా. ఎవరైనా రావచ్చని నోటీసు అంటిస్తారు. సొంత డిపార్ట్‌మెంటు వాళ్ళు తప్ప ఎవరూ రారు.

చివర్లో అధ్యక్షులు "సభలో ఎవరికైనా ప్రశ్నలున్నాయా?" అని అడుగుతారు. ఎవరూ నోరు విప్పకపోతే బాగుండదు. అందుకని స్కాలర్లు ముందురోజే స్నేహితులకు చీటీల మీద ప్రశ్నలు రాసిస్తారు. అన్నీ జవాబు సిద్ధంగా ఉన్న ప్రశ్నలే. నేనూ ఇచ్చాను. నాది కెమిస్ట్రీ, జనగామ చుట్టుపక్కల బోరు నీళ్ళలో ఫ్లోరైడ్. చీటీల ప్రశ్నలు సాఫీగా అయిపోయాయి. అప్పుడు వెనక బెంచీ నుంచి నలభై దాటిన ఒక మనిషి లేచారు. తెల్లచొక్కా, చేతిలో మడతపెట్టిన సంచి.

"మేడం, మీరు చూసిన బోర్లల్ల అన్నిటికన్న పాడుదాని నీళ్ళు ఇప్పుడెవరు తాగుతున్నరు?"

నా దగ్గర ఆ బోరు లోతు ఉంది, రాయి రకం ఉంది, గ్రాఫు ఉంది. ఎవరు తాగుతున్నారో లేదు. తెలియదన్నాను. ఆయన తల ఊపి, "సరే మేడం, అడగాలనిపించింది" అని కూర్చున్నారు. అప్పటికి నా కొడుకు చంటివాడు. ఆ సాయంత్రం మా ఇంట్లో వాడికి పాలపొడి కలిపే నీళ్ళ ముందు గ్లాసు పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను. పరీక్ష చేసిన నీళ్ళే అవి, చేసింది నేనే. అయినా భయం వేసింది.

తర్వాత తెలిసింది, ఆయన అన్ని డిపార్ట్‌మెంట్ల వైవాలకూ వస్తారని. ఆయనది గంగారం మండలంలో ఒక లంబాడీ తండా. చిన్నప్పుడే ఆశ్రమ పాఠశాల హాస్టల్లో వేశారు. ఇప్పుడు మహబూబాబాద్‌లో జూనియర్ కాలేజీలో తెలుగు చెప్పే కాంట్రాక్ట్ లెక్చరర్. స్టేషన్‌కు దగ్గర్లో ఒక గది. పెళ్లి కాలేదు. అడిగితే "తీసిస్ అయినంక" అనేవారట. అడిగేవాళ్ళు అలిసిపోయి మానేశారు. సెలవు దొరికిన రోజున రైలెక్కి కాజీపేటలో దిగి, యూనివర్సిటీ నోటీసు బోర్డుల ముందు ఆగేవారు. పాడుబడ్డ కోటలోని గబ్బిలాలు, మిర్చి ఆకుముడత, బస్‌పాస్ ఉన్న ఆడపిల్లల చదువు, శాసనాల్లో చెరువుల పేర్లు, ఏదైనా సరే వెళ్లి కూర్చునేవారు. ఒకసారి గణితం వైవాలో ఒక్క ముక్కా అర్థం కాలేదట. అయినా లేచి, "ఎక్కువ కాలం ఎక్కడ ఆగిపోయినవు బిడ్డా?" అని అడిగారట. ఆ అమ్మాయి మొదటిసారి నవ్వి, బోర్డు దగ్గరికి వెళ్లి అరగంట చెప్పిందట.

"అన్ని వైవాలకు ఎందుకొస్తరు సార్?" అని నేనొకసారి అడిగాను.

"నా గదిల నాతోని మాట్లాడేటోళ్ళు లేరు చెల్లె. ఈడికొస్తే ఒకరు ఏండ్లకేండ్లు ఆలోచించింది గంటల చెప్తరు. ఫుకట్ల."

కానీ ఆయన వస్తున్నారంటే స్కాలర్లకు గుబులు. ఘనపూర్ అబ్బాయి అరవింద్‌ది జియాలజీ, భూపాలపల్లి ఓపెన్‌కాస్టు గనుల దుమ్ము మీద పని. తన వైవా రోజు క్యాంటీన్ దగ్గర ఆయన్ను పట్టుకుని బతిమాలాడు.

"అన్నా, ఇయ్యాల జర ఊకో అన్నా. బయటి సార్‌కు రైలుంది."

"నేనేమన్న గట్టి ప్రశ్నలు అడుగుతనా అరవింద్?"

"గట్టియి కావన్నా. గవ్విటికి జవాబులుండయి. గదే పరేషాన్."

ఆయన నవ్వి సరేనన్నారు. ఆ రోజు నిజంగానే అడగలేదు. అడగకుండా కూర్చున్న మనిషిని అంతకు ముందెప్పుడూ అలా చూడలేదు. చేతులు రెండూ సంచి మీద పెట్టుకుని, బస్సు కోసం చూస్తున్నట్టు ఉన్నారు. ఆ తర్వాత స్కాలర్లు తమ తేదీలు ఆయనకు చెప్పడం తగ్గించారు. నోటీసు బోర్డు మాత్రం ఎవరూ దాచలేరు కదా.

ఆయన సొంత తీసిస్ ఢావ్లో మీద. లంబాడీ పెళ్లికూతురు అత్తవారింటికి వెళ్లేముందు ఏడుస్తూ పాడే పాట అది. ఏడవడాన్ని పెద్ద ఆడవాళ్ళ దగ్గర కూర్చుని నేర్చుకుంటారు. ఇప్పుడు నేర్చుకునేవాళ్ళు లేరు, పెళ్లిలో పాటల బాక్సులు పెడుతున్నారు. వాళ్ళ తండాలో చాందీబాయి అనే ముసలామె తన పెళ్లినాటి ఢావ్లో ఆయనకు పాడి వినిపించింది. అందులో ఒక పిలుపు మళ్ళీ మళ్ళీ వస్తుంది. ఆమె నోట అది "యాడీ" అని వినిపించింది. వాళ్ళ భాషలో యాడి అంటే అమ్మ.

అయితే చాందీబాయి పుట్టినప్పుడే ఆమె తల్లి చనిపోయింది. లేని తల్లిని పెళ్లికూతురు ఎందుకు పిలుస్తుందని ఆయన ఆగారు. ఆమె మాటల్లో తెలుగు బాగా కలుస్తుంది. పైగా నోట్లో పళ్ళు లేవు. 'పెద్ద' అనడానికి 'పెడ్డ' అనేది. కాబట్టి ఆమె అన్నది యాడి కాదు, యాది అని తేల్చారు. మన దిక్కు యాది అంటే జ్ఞాపకం. తల్లిలేని పిల్ల జ్ఞాపకాన్నే మనిషిలాగా పిలుస్తోందని ఒక అధ్యాయం మొత్తం రాశారు. ఆయన గైడు సరోజ మేడం అది చదివి, "గీ ఒక్క అధ్యాయం చాలు ప్రేమ్‌సింగ్, నీకు పేరొస్తది" అన్నారు. వ్యాసంగా అచ్చయింది. దాన్ని ఇంకో ఇద్దరు తమ వ్యాసాల్లో ఎత్తి రాసుకున్నారు. చాందీబాయి అప్పటికే పోయింది.

తీసిస్ పరీక్షకుల దగ్గరికి వెళ్లాక, వాళ్ళ నివేదికల కోసం ఎదురుచూస్తున్న కాలంలో ఆయన తల్లి ద్వాళి చనిపోయింది. తండ్రి ముందే లేడు. ఆ తర్వాత కొంతకాలానికి కాజీపేట ప్లాట్‌ఫారం మీద ఆయన కలిశారు. నేను జనగామ వైపు, ఆయన మహబూబాబాద్ వైపు వెళ్లాలి. నా కొడుకు బిస్కెట్ ముక్కలు కింద పారేస్తుంటే ఒక్కొక్కటే ఏరి సంచిలో వేస్తూ, మామూలు మాట చెబుతున్నట్టే చెప్పారు.

"మొన్న తండాకు పోయిన చెల్లె. ఇల్లు తాళం తీసిన. లోపలికి పోతాంటె గడప తాకి కాలి గోరు లేసింది. యాడీ అన్న."

నా కొడుకు ఇంకో ముక్క పారేస్తే, వంగి అదీ ఏరారు.

"ఇంట్ల ఎవ్వరు లేరు. యాడి పోయి నెలలాయె. అయినా గదే మాటొచ్చింది. అమ్మ లేనోళ్ళు అమ్మా అనరా? ఇంత చదివి నేను గట్లెట్ల రాసిన?"

అప్పటికే వైవా తేదీ ఖరారైంది. డిగ్రీ కాలేజీ పోస్టులు పడతాయన్న మాట గట్టిగా వినిపిస్తోంది. పీహెచ్‌డీ చేతిలో లేకపోతే ఆయన దరఖాస్తు నిలవదు, వయసు గడువు కూడా దగ్గర పడింది. నాకు తోచింది చెప్పాను.

"సార్, ముందు వైవా కానియ్యండి. తర్వాత ఇంకో వ్యాసం రాసి సవరించుకోవచ్చు. సైన్సుల మేం గట్లనే చేస్తం."

"ఊకుంటే ఎవ్వరికీ తెల్వది చెల్లె. గదే నా భయం. ఆ హాల్ల మా భాష తెలిసినోళ్ళు ఒక్కరుండరు. తప్పు పట్టేటోడు ఒక్కడన్న ఉంటే బాజాప్తగ, నిమ్మళంగ ఊకుందును. పడితే పట్టనీ, నేనేమంటనో సూద్దామని."

ఆయన బండి వచ్చింది. ఎక్కేముందు నా కొడుకు మూతి తన రుమాలుతో తుడిచారు.

వైవా రోజు హాలు నిండింది. ఆయన ఎవరికీ చీటీలు ఇవ్వలేదు, కానీ అభిమానంతో అందరూ సొంతంగా తేలిక ప్రశ్నలు తయారుచేసుకుని వచ్చారు. నేను నా కొడుకును ఒళ్లో పెట్టుకుని తలుపు పక్కన కూర్చున్నాను. వాడికి ముందురోజు జ్వరం, ఒళ్లు ఇంకా కొంచెం వెచ్చగానే ఉంది. అరవింద్ లేచి, "సార్, మీకు ఈ పరిశోధనకు ప్రేరణ ఏంది?" అన్నాడు. అందరూ నవ్వారు. ఆయనా నవ్వి జవాబిచ్చారు. ఇంకొకరు భవిష్యత్ పరిశోధనకు అవకాశాలేమిటని అడిగారు. దానికీ చెప్పారు. ప్రతి ప్రశ్న తర్వాత ఆయన ఇంకాసేపు ఆ మనిషి వైపే చూసేవారు, ఇంకేమైనా అడుగుతారేమోనన్నట్టు. బయటి పరీక్షకుడు కోస్తా నుంచి వచ్చిన పెద్దాయన, ఆ అధ్యాయాన్నే మెచ్చుకున్నారు. అధ్యక్షులు "ఇక ముగిద్దామా?" అన్నారు.

"ఒక్క నిమిషం సార్" అన్నారు ప్రేమ్‌సింగ్ సార్. "ఎవరూ అడగలేదు గనుక నేనే చెప్తాను. ఆ అధ్యాయం తప్పు."

గడప సంగతి చెప్పలేదు. ఆ పదం యాడి అని, అమ్మ అని, తాను దాన్ని తెలివిగా దిద్ది పాడుచేశానని చెప్పారు. పెద్దాయన ఓపిగ్గా విన్నారు.

"దానిదేముందండీ, ఒక్క అక్షరం తేడాయేగా. అచ్చుతప్పుల పట్టికలో చేర్చేయండి."

"అచ్చుతప్పు కాదు సార్. నా తప్పు."

"మీ నిజాయితీ మాకు నచ్చింది. చాలండీ."

చప్పట్లు కొట్టారు. సమోసాల వాసన వరండాలోంచి వస్తోంది, కుర్చీలు జరిగాయి. హాలు ఖాళీ అయ్యాక సరోజ మేడం ఆయన పక్కన కూర్చున్నారు. నా కొడుక్కి చెప్పులు తొడుగుతూ నేనక్కడే ఉన్నాను.

"ప్రేమ్‌సింగ్, ఇను. అక్షరం మారిస్తే నా సంతకం చాలు, డిగ్రీ వస్తది. అధ్యాయం మారిస్తే మళ్ళ పరీక్షకులకు పంపాలె. ఎన్ని నెలలైతదో నేను చెప్పలేను. పోస్టులు ఆగయి."

"అక్షరం మార్చి అధ్యాయం అట్లనే ఉంచితే, అమ్మ అన్న మాటకు జ్ఞాపకం అని అర్థం చెప్పినట్టుంటది మేడం."

"చదివేదెవరయ్యా?"

ఆమె ఎత్తిపొడవలేదు. చాలా మెల్లగా, నిజంగా తెలుసుకోవాలన్నట్టే అడిగారు. తర్వాత ఆయన భుజం తట్టి వెళ్లిపోయారు. వరండాలో స్కాలర్లు ఆయన్ను అప్పుడే డాక్టర్ సాబ్ అని పిలుస్తున్నారు.

రెండు రోజుల తర్వాత ఆయన అధ్యాయం మారుస్తానని రాసిచ్చారు. పోస్టుల ప్రకటన ఆ ఏడే వచ్చింది, ఆయన లేకుండానే పోయింది. అరవింద్‌కు భూపాలపల్లిలో ఉద్యోగం దొరికింది. "ఆయనొక పిచ్చి సార్ అక్కా" అన్నాడు నాతో, అని వెంటనే ముఖం తిప్పుకున్నాడు. వైవాల్లో వెనక బెంచీ మీద ప్రేమ్‌సింగ్ సార్ కనబడడం మానేశారు. సెలవులన్నీ తండాల్లోనే తిరుగుతున్నారని విన్నాను. ఆయనకు ఇప్పుడు కావలసింది ఒక్కటే: పెళ్లినాటికి తల్లి లేని ఆడవాళ్ళు ఎవరిని పిలిచి ఏడ్చారో. చాందీబాయిని అడిగే వీలు లేదు కనుక, ఇంకెవరినైనా అడగాలి.

ఇల్లిల్లూ తిరిగి ఒక మగవాడు ఆ మాట అడిగితే ఎలా ఉంటుందో తానే ఫోన్‌లో చెప్పారు. కొందరు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారట. ఒకామె, "నీకెందుకయ్యా ఏడుపు పాట, అత్తగారింటికి పోతున్నవా?" అందట. పక్కనున్నామె "ముందు పెండ్లన్న కానియ్యి" అందట. అదంతా వాళ్ళ భాషలో అన్నదే, నాకోసం తెలుగులో చెప్పారు. చెబుతూ నవ్వారు. నేనూ నవ్వాను.

పోయిన నెల మళ్ళీ ఫోన్ వచ్చింది. నేను నా కొడుకు ఒళ్లు పట్టుకుని చూస్తూ, దవాఖానకు పోవాలా వద్దా అని తేల్చుకోలేక ఉన్నాను. పలకరింపులేమీ లేకుండా ఆయన మొదలుపెట్టారు. దంతాలపల్లి దగ్గర ఒక తండాలో ఉమ అనే ఆమె దొరికిందట. చిన్నప్పుడే తల్లి పోతే నాయనమ్మ పెంచింది. ఢావ్లో కూడా ఆ నాయనమ్మే నేర్పింది. పత్తి ఏరడానికి బయలుదేరుతున్న ఆమెను వాకిట్లో ఆపి అడిగారట.

"మీ యాడి లేదు గదా, మరి నువ్వు పెండ్లిల ఎవరిని పిలిచినవు అని అడిగిన చెల్లె. నన్ను ఎగాదిగా సూసింది. 'యాడినే. ఇంకెవరిని పిలువాలె? లేదనేగదా పిలిచేది' అన్నది."

"రాసుకున్నరా సార్?"

"రాసుకున్న."

"మరింక అయినట్టే గదా."

"అయినట్టే. ఆమె పనికి పోయింది. నేను గీ అరుగు మీదనే కూసున్న." ఎక్కడో మేకలు అరుస్తున్నాయి. "ఎవరికన్న చెప్పాలనిపించింది చెల్లె. గందుకే చేసిన."

పిల్లవాడు ఎట్లున్నాడని అడిగారు. ఒళ్లు వెచ్చగా ఉందన్నాను. అయితే ఆలస్యం చేయకుండా దవాఖానకు తీసుకుపొమ్మని చెప్పి ఫోన్ పెట్టేశారు.